దానియేలు మాస్టారి ఇసబ్‌గోల్ బిల్లులు

ఈమధ్య ఫార్మసీ చదివిన ఒకమ్మాయికి వైద్యబిల్లులు పరిశీలించే ఉద్యోగం వచ్చింది. ఆ పనిలో ఏముంటుందో చెప్పమని నా దగ్గరికి వచ్చింది. "ఏముంటుందమ్మా, జనం కడుపులో ఏముందో కాగితం మీద చదవడమే" అన్నాను. ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. ఆ అమ్మాయి వెళ్లాక, అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదనిపించి, ఆ పిల్లకీ, మీలా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకీ ఇది రాయడానికి కూర్చున్నాను. నేను ఎన్ని బిల్లులు పాస్ చేశానో, ఎప్పుడు సూపర్‌వైజర్‌నయ్యానో మీకు అక్కర్లేదు. ఒక ఇసబ్‌గోల్ ప్యాకెట్టు సంగతి చెబితే చాలు.

మా సంఘం

అమలాపురంలో బస్టాండుకి దగ్గర్లో, ఒక బియ్యం కొట్టు మేడమీద మా ఆఫీసు ఉండేది. కోనసీమలోని ప్రైవేటు బడుల టీచర్లు కలిసి పెట్టుకున్న ఆరోగ్య పొదుపు సంఘం అది. ప్రతినెలా టీచరు జీతంలోంచి కొంత పట్టుకునేవారు, బడి యాజమాన్యం దానికి కొంత కలిపేది. ఆ డబ్బు ఆ టీచరు పేరునే ఉండేది. ఏడాది చివర మిగిలినా పోదు, మరుసటి ఏటికి అలాగే వస్తుంది. షరతు ఒక్కటే. వైద్యానికి తప్ప పైసా తీయడానికి లేదు. మందు కొన్న బిల్లు తేవాలి, నేను చూసి సంతకం పెట్టాలి.

అంటే డబ్బు వాళ్లది, పెత్తనం నాది. తొంభైల మధ్యలో చేరినప్పుడు ఇది భలే గొప్పగా అనిపించింది.

నేను ఫార్మసీ డిప్లొమా చదివి, అంతకుముందు కొత్తపేటలో ఒక మందుల షాపు కౌంటర్లో ఆరేళ్లు పనిచేశాను. డాక్టర్ల కోడిగీతలు చదవడం, కొట్లవాళ్ల ఎత్తులు పసిగట్టడం అక్కడే అబ్బింది. నోటిదురుసు మాత్రం పుట్టుకతో వచ్చిందే. మా ఆయన ఇప్పటికీ అదే మాట అంటారు.

ఏది మందు, ఏది తిండి

మీరు ఈ పనిలోకి వచ్చిన మొదటి వారంలోనే ఈ ప్రశ్న మీ బల్లమీదకి వస్తుంది. ఓడలరేవు నుంచి ఒక టీచరమ్మ దోమతెర బిల్లు తెచ్చింది. "మలేరియా వచ్చాక ఇచ్చే మాత్రలకి డబ్బిత్తారు కదండీ, రాకుండా ఆపేదానికి ఎందుకివ్వరండీ?" అని నిలదీసింది. ఒక తెలుగు మాస్టారు తేనె సీసా బిల్లు పెట్టి, ఆయుర్వేదంలో తేనె ఎన్ని రోగాలకి పనికొస్తుందో గంటసేపు చెప్పారు. ఒక డ్రిల్లు మాస్టారు గ్లూకోజు పొడికీ, కాళ్లకి మర్దనా చేసుకునే కొబ్బరినూనెకీ కలిపి తెచ్చారు. "మన సీమలో కొబ్బరినూనె కొనుక్కోవడమేమిటి మాస్టారూ, సిగ్గులేదూ!" అన్నాను. ఆయన సిగ్గుపడకపోగా, "పెరట్లో చెట్టు బిల్లివ్వదు కదండీ" అన్నారు.

నాకు ఈ గొడవంటే సరదా. అనుమానం వచ్చినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. శొంఠి మందా? వాము నీళ్లో? చక్కెరజబ్బు మనిషికి గోధుమరవ్వ ఏమవుతుంది? అదే మనిషికి డాక్టరు రాస్తే ఏమవుతుంది? ఇంటికెళ్లి పోపులడబ్బా తెరిచి కూడా అదే ఆలోచన.

మా కార్యదర్శి మూర్తిగారికి ఇలాంటి అనుమానాలు లేవు. హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. సంఘం కాఫీ కూడా సొంత డబ్బుతో తాగేవారు. "వంటింటి గూట్లో పెట్టేది తిండమ్మా. బీరువాలో పెట్టేది మందు. అంతకుమించి బుర్ర పాడుచేసుకోకు" అనేవారు. అంత నిజాయితీపరుణ్ని మళ్లీ చూడలేదు. కానీ ఆయన కింద పనిచేసినందువల్ల ఒకటి తెలిసింది. నిజాయితీగల మనిషికి కూడా ఆరా తీసే గుణం లేకపోతే, పక్కవాళ్లు అబద్ధాలాడక తప్పని పరిస్థితి వస్తుంది.

"నా డబ్బే కదండీ"

దానియేలు మాస్టారు సఖినేటిపల్లి దగ్గర ఒక బడిలో లెక్కలు చెప్పేవారు. తాత పొలంలో కూలికి వెళ్లిన మనిషట, తండ్రి మిషను బడిలో చదువుకుని టీచరయ్యాడట, ఈయన రెండో తరం టీచరు. చర్చిలో సంఘపెద్ద కూడా. ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, జేబులో ఎర్ర పెన్ను. ఎవరినీ ఏకవచనంతో పిలవగా నేను వినలేదు, ఆరోతరగతి పిల్లలతో సహా.

ఒక నెల ఆయన బిల్లులో ఇసబ్‌గోల్ పొట్టు అని ఉంది. మీకు తెలిసిందే, నీళ్లలో వేస్తే ఉబ్బి జిగురులా అయ్యే తెల్లటి పొట్టు. పీచు పదార్థం. విరేచనం సాఫీగా కావడానికి తాగుతారు. ఆయనకి మొలలున్నాయి, డాక్టరు నోటిమాటగా చెబితే రోజూ ఒక చెంచా వేసుకుంటున్నారు.

నేను మూర్తిగారిని అడిగాను. "పొట్టా? తవుడుకి కూడా డబ్బిచ్చేస్తామా ఏమిటి?" అన్నారాయన. ఆ మాట పట్టుకుని నేను బిల్లు కొట్టేశాను. మరుసటి శనివారం మాస్టారు వచ్చారు. గదిలో పదిమంది ఉన్నారు.

"మేడమ్ గారూ, ఇది నా డబ్బే కదండీ?" అన్నారు, చాలా మెల్లగా.

ఎవరో పక్కున నవ్వారు. అక్కడే నాకు ఒళ్లు మండిపోయింది. "డబ్బు మీదేనండీ, సంతకం నాది. కూరా నారా కొనుక్కుని నా మీదకి తెస్తే నేను పెట్టను" అన్నాను, గదంతా వినేట్టు.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఆయ్, అలాగేనండి" అని బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. మా నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. డాక్టరు ఫలానా జబ్బుకి ఇది అవసరమని చీటీమీద ఒక్క వాక్యం రాసిస్తే, తిండి వస్తువైనా మందుగా లెక్క. ఆ సంగతి మూర్తిగారికి గుర్తులేదు, నాకు గుర్తుంది. చీటీ తెచ్చుకోండి మాస్టారూ అంటే ఐదు క్షణాల పని. చెప్పలేదు. పదిమందిలో నన్ను ప్రశ్నించాడన్న ఉక్రోషం, అంతే. ఇంకే కారణమూ లేదు.

సూరిబాబు సర్దుబాటు

మరుసటి నెల మాస్టారి బిల్లులో ఇసబ్‌గోల్ లేదు. దాని బదులు అల్సరు మాత్రలు వచ్చాయి. రాజోలులో సూరిబాబు మందుల షాపు బిల్లు. చూడగానే నాకు అర్థమైపోయింది. కౌంటర్లో ఆరేళ్లు చేసినదాన్ని, దాన్ని సర్దుబాటంటారు. మనిషి కొన్నది ఒకటి, బిల్లులో రాసేది డబ్బులొచ్చే ఇంకొకటి. సబ్బు కొంటే విటమిన్ మాత్రలు, పిల్లల పాలపొడి కొంటే దగ్గుమందు. కొత్తపేటలో నేనూ రాసిచ్చాను, దాచడమెందుకు.

నేను గుట్టుచప్పుడు కాకుండా సంతకం పెట్టేశాను. సంతోషంగానే పెట్టాను. మాస్టారికి పొట్టు దొరుకుతోంది, మూర్తిగారికి బీరువాలో పెట్టే మందు కనిపిస్తోంది, నాకు ఆయన ముఖం చూసి తల దించుకునే బాధ తప్పింది. పెద్ద మనసుతో మేలు చేశాననుకున్నాను. ఇలా రెండేళ్లు నెలనెలా అల్సరు మాత్రల బిల్లు రావడం, నేను పాస్ చేయడం జరిగింది.

ఈ రెండేళ్లలోనే నేను ఇంకో ఘనకార్యం చేశాను. సభ్యులందరికీ తలా ఒక కాగితం పెట్టాను. పాత బిల్లులన్నీ తిరగేసి, ఎవరు ఏ మందు ఎంతకాలంగా వాడుతున్నారో గుండ్రటి అక్షరాలతో రాసేదాన్ని. ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఆ కాగితం డాక్టరుకి పంపేవాళ్లం. అమలాపురంలో మా సంఘానికి చూసే డాక్టరుగారికి అదంటే మహా ముచ్చట. "రోగి చెప్పలేనిది కూడా మీ కాగితం చెబుతోందమ్మా" అన్నారొకసారి. ఆ మాటకి నేను వారం రోజులు నేలమీద నడవలేదు.

దానియేలు మాస్టారి కాగితంమీద కూడా రాశాను. అల్సరు మాత్రలు, రెండేళ్లు, విడవకుండా. రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. బిల్లులో ఉన్నదే రాయాలిగా అని రాసేశాను.

ఒకే నెలలో రెండు బిల్లులు

రెండువేల సంవత్సరం దాటింది. మాస్టారు చిక్కిపోతున్నారని విన్నాను. మెట్లెక్కి మా ఆఫీసుకి వచ్చేసరికి కుర్చీ పట్టుకుని ఆయాసపడ్డారు. ముఖం సున్నం కొట్టినట్టుంది. రక్తం తక్కువైందని డాక్టరుగారి దగ్గరికి పంపాం, వెంట నా కాగితం, దిద్దకుండానే. అల్సరులోంచి రక్తం పోతోందని ఆయన తేల్చారు. కాకినాడలో గొట్టం వేసి పొట్ట చూశారు, లోపల కాస్త ఎర్రగా ఉందన్నారు. ఇంకాస్త గట్టి మాత్రలు, రక్తం పట్టే టానిక్కు. నాలుగు నెలలు గడిచాయి. మనిషి ఇంకా చిక్కిపోయారు.

అప్పుడు ఒక శనివారం బిల్లులు చూస్తుంటే దానియేలు మాస్టారివి రెండు వచ్చాయి. ఒకటి డాక్టరుగారు రాసిన అల్సరు మాత్రలకి, అమలాపురం షాపుది. రెండోది, ఆ నాలుగు నెలలూ రాని సూరిబాబు షాపుది, పాత అల్సరు మాత్రలే, ఎప్పుడూ వచ్చేదానికి మూడింతలు.

వేరేవాళ్లయితే ఒకే జబ్బుకి రెండు బిల్లులని మోసం కింద కొట్టేసేవారు. నాకు మాత్రం సూరిబాబు బిల్లులో అల్సరు మాత్రలంటే ఇసబ్‌గోల్ అని తెలుసు. పొట్టలో పుండున్న మనిషికి మూడింతల పొట్టు ఎందుకు? రోజంతా అదే బుర్రలో తిరిగింది. సోమవారం సెలవు పెట్టి, పి.గన్నవరం మీదుగా రాజోలు బస్సెక్కాను.

సూరిబాబు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు. నేను తనిఖీకి వచ్చాననుకున్నాడు పాపం.

"మేడమ్ గారండీ, నన్నేం చేసెయ్యకండి. మాస్టారు దేవుడులాంటోరండి. ఆయనసలు రాయించుకోనన్నారండి. నేనే, మీకెందుకండి, నేను సద్దేత్తానని రాసేసేను."

"అది సరేనయ్యా. ఇప్పుడు ఎన్ని ప్యాకెట్లు తీసుకెళ్తున్నారు?"

"అదేనండి నాకూ భయవేత్తంది. ఇదివరకు నెలకోటి తీసుకెళ్లేవోరండి. ఇప్పుడు మూడు. అంత తాగకూడదండీ అంటే ఇనరండి. సాఫీగా అవ్వట్లేదు సూరిబాబుగారూ అంటారండి."

అక్కణ్నుంచి ఆటోలో సఖినేటిపల్లి. రేవుకి రెండు సందుల ఇవతల వాళ్ల ఇల్లు, గోదావరి దాటి నరసాపురం వెళ్లే పంటు పడవ మోత అరుగుమీదకి వినిపిస్తుంది. మాస్టారు బడికి వెళ్లారు, ఆ ఒంట్లోనే. భార్య సువార్తమ్మగారు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఎందుకొచ్చానో అడగకుండా నిలబడ్డారు.

"అమ్మా, మాస్టారికి విరేచనంలో రక్తం పడుతోందా?" అన్నాను. నా తీరే అంత.

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఎర్రగా పడతందండీ, ఏడాది నుంచీ. మొలలేలే అంటారండి. ఆ పొట్టు మూడు పూటలా తాగుతున్నారు. అయినా అవ్వదండి, అయితే సన్నగా దారంలా అవుతాదంట."

"డాక్టరుగారికి చెప్పలేదా అమ్మా ఇదంతా?"

"ఎలా చెబుతారండీ?" అన్నారావిడ. "మొలలంటే ఏం వాడుతున్నావు అంటారు. పొట్టంటే బిల్లులేవీ అంటారు. రెండేళ్లనుంచీ అల్సరు మాత్రలు వాడుతున్నారా అని డాక్టరుగారు మీ కాగితం చూసి అడిగేరంట. ఆయ్, వాడుతున్నానండీ అనేసేరంట. ఇంటికొచ్చి అన్నం తినలేదండి ఆ రోజు. జీవితంలో ఎప్పుడూ అబద్ధమాడలేదు సువార్తా, సంఘపెద్దనై ఉండి డాక్టరు ముందు ఆడేసేను అన్నారు."

నా చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఒక మనిషి తన రోగం గురించి తన డాక్టరుకి అబద్ధం చెప్పాడు. ఎందుకయ్యా అంటే, నా కాగితం తప్పు కాకుండా ఉండటానికి!

డాక్టరుగారి గదిలో

తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. చెబితే సూరిబాబు లైసెన్సు మీదకి రావచ్చు, మాస్టారి సభ్యత్వం పోవచ్చు, నా ఉద్యోగం పోవచ్చు. ఎవరికీ దెబ్బ తగలకుండా చెప్పే దారి ఉందా అని చాలాసేపు వెతికాను. ఆ దారులన్నిటికీ ఇంకో అబద్ధం కావాలి. ఇప్పటికి ఉన్న అబద్ధమే మనిషిని తినేస్తోంది. బస్సు దిగి తిన్నగా డాక్టరుగారి ఆసుపత్రికి నడిచాను.

"నా కాగితం తప్పండీ" అన్నాను. "ఆయన ఒక్క అల్సరు మాత్ర కూడా వాడలేదు. మొలలకి ఇసబ్‌గోల్ వాడారు. నేను ఒప్పుకోలేదని షాపువాళ్లు పేరు మార్చి రాశారు. నాకు మొదటినుంచీ తెలుసు." తరవాత సువార్తమ్మగారు చెప్పినవన్నీ చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "నాలుగు నెలలమ్మా" అన్నారు. "నాలుగు నెలలూ పైన పొట్టలో వెతికాను. రోగం కిందుంది." నన్ను తిట్టలేదు. కాగితం చూసి, ఒకసారి చెయ్యిపెట్టి చూడాల్సిన చోట చూడలేదని తనని తానే తిట్టుకున్నారు.

మర్నాడే పరీక్ష చేశారు. పెద్దపేగు చివర్లో గడ్డ. దారి సగానికి పైగా మూసుకుపోయింది. మూసుకుపోతున్న దారిలో మూడు పూటలా ఉబ్బే పొట్టు పోయడం ఎంత ప్రమాదమో ఫార్మసీ చదివిన మీకు చెప్పక్కర్లేదు. కాకినాడలో ఆపరేషను చేసిన పెద్ద డాక్టరు, అప్పటికే కాలేయంలో రెండు మచ్చలున్నాయన్నారు. కొన్ని నెలలు ముందొస్తే ఎలా ఉండేదో అని నేను అడిగాను. చెప్పలేమమ్మా అన్నారు. ఆ 'చెప్పలేం' అన్న మాటే నాతో ఉండిపోయింది.

మూర్తిగారికి కూడా అన్నీ చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన కిటికీలోంచి కిందనున్న బియ్యం బస్తాలు చూస్తూ, "తవుడు అన్నాను కదమ్మా నేను" అన్నారు. ఆ నెల నుంచి ఏ బిల్లు కొట్టేసినా, ఎలా తెస్తే పాసవుతుందో కింద రాయాలని నిబంధన పెట్టారు. సూరిబాబుని పిలిచి గట్టిగా మందలించి పంపేశారు. మాస్టారి సభ్యత్వం జోలికి ఎవరూ వెళ్లలేదు.

మీకు చెప్పదలచుకున్నది

బిల్లు కొట్టేసే ముందు ఆ వస్తువు ఏమిటని కాదు, ఈ మనిషికి ఇది ఎందుకు కావలసి వచ్చిందని అడగండి. ఉబ్బే పొట్టు ఒకరికి తిండి, ఒకరికి మందు, ఒకరికి ప్రమాదం. అది ప్యాకెట్టుమీద రాసి ఉండదు, మనిషిని అడిగితేనే తెలుస్తుంది. అబద్ధపు బిల్లని తెలిసి జాలిపడి పాస్ చేయకండి. దాన్ని రేపు ఎవరో నిజమనుకుని చదువుతారు. మీ కోపాన్ని సంతకంలోకి రానివ్వకండి. ఈ చివరిది రాయడం నాకు చాలా కష్టంగా ఉంది.

ఎర్ర పెన్ను

ఆపరేషను అయ్యాక మాస్టారు మళ్లీ బడికి వెళ్లారు. పదో తరగతి పిల్లల్ని పరీక్షలదాకా తీసుకెళ్తానని పట్టుబట్టారట. ఆ రోజుల్లోనే ఒకసారి మా ఆఫీసుకి వచ్చారు. మెట్లమీద రెండుసార్లు ఆగారు.

జేబులోంచి బిల్లు తీసి బల్లమీద పెట్టారు. సూరిబాబు షాపుదే. ఇసబ్‌గోల్ పొట్టు అని స్పష్టంగా ఉంది. వెనక డాక్టరుగారి చీటీ, ఆపరేషను తరవాత కొద్ది మోతాదులో ఇది అవసరమని ఒక్క వాక్యం. నేను సంతకం పెట్టాను.

"మాస్టారూ, ఆ రోజు పదిమందిలో మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది. చీటీ సంగతి నాకు తెలిసీ చెప్పలేదు. నన్ను క్షమించండి" అన్నాను.

"అయ్యో, అంత మాటెందుకండీ. నేను మాత్రం డాక్టరుగారికి నిజం చెప్పేనా" అన్నారాయన. తరవాత కాస్త మొహమాటంగా, "నా కాగితం ఒకసారి చూడొచ్చాండీ?" అని అడిగారు.

తీసి ఇచ్చాను. అల్సరు మాత్రలన్న చోట నేను గీత కొట్టి, పైన ఇసబ్‌గోల్ అని, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎంత మోతాదని రాసి, పక్కన సంతకం పెట్టి ఉంది. పరీక్ష పేపరు దిద్దే మనిషి చదివినట్టే వేలు పెట్టి, వరుస వరుసా చదివారు. ఎర్ర పెన్ను తీశారు. నేను దిద్దిన చోట చిన్నగా ఒక రైటు కొట్టారు.

ఏడవకుండా ఉండటానికి నాకు తెలిసింది వేళాకోళమే. "మార్కులెన్ని మాస్టారూ?" అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. "అవి మీరే వేసుకోండి మేడమ్ గారూ" అన్నారు నవ్వుతూ.

పిల్లల పరీక్షలయ్యాక వేసవి దాటలేదు ఆయన. నేను రిటైరైన రోజున సంఘం అనుమతితో ఆఫీసునుంచి తెచ్చుకున్నది ఆ కాగితం ఒక్కటే. బీరువాలో ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తాను, ఆ ఎర్ర రైటు పక్కన ఎన్ని మార్కులు వేసుకోవాలా అని. ఇంకా వేసుకోలేదు.